టోరెంట్ బంద్ జెయ్యని సుసన్నా

గోదావరిఖనిల డిగ్రీ చదివే పిల్లలందరికి సుసన్నా నెట్ సెంటర్ ఎరికే. తండ్రి యిర్మియా బొగ్గుబాయిల చేసి రిటైరైండు. మొగడు ఇమ్మాన్యుయేల్ ఇంక బాయిల దిగుతనే ఉన్నడు. వాళ్లింట్ల ఆడోళ్లు ఎన్నడు దుకాణం పెట్టలే. సుసన్నా పెట్టింది. దొంగ సాఫ్ట్‌వేర్ సీడీలతోని నడిచే సెంటర్లల్ల పోలీసులు సోదాలు చేస్తున్నరని విన్ననాడే తన కంప్యూటర్లన్నిట్ల లినక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నది. అది ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా ఇయ్యచ్చు. ఇగ ఎవలకు భయపడే పని లేదనుకున్నది.

2010 ఎండాకాలంల దాని కొత్త వర్షన్ వచ్చింది. సుసన్నా దగ్గరున్నది పాతబడి అప్‌డేట్లు ఆగిపోయినయి, పరీక్షల రిజల్టు పేజీలు కూడ సక్కగ తెరుచుకుంటలెవ్వు. కొత్తది దించుదమంటే లోకమంత ఒక్కసారే దాని సైట్ మీద పడ్డది. సగం దిగి తెగిపోవుడు, మళ్ల మొదటికెళ్లి మొదలువెట్టుడు. టోరెంట్‌తోని దించుకొమ్మని ఆ సైట్లనే రాసి ఉన్నది. అందుల ఫైలంత ఒక్కతాన ఉండదు, ముక్కలు ముక్కలుగ నలుగురి కంప్యూటర్లల్ల ఉంటది. దొరికిన ముక్క తీసుకుంట, మన దగ్గరున్న ముక్క ఇంకొకలకు ఇయ్యాలె. నడుమల లైన్ పోయినా వచ్చింది ఏడికి పోదు. ఈ పద్ధతి సుసన్నాకు మస్తు నచ్చింది.

సగం దిగిందో లేదో, గల్లీకి నెట్ ఇచ్చే కేబుల్ లింగమూర్తి వచ్చి నిలవడ్డడు. టోరెంట్ అంటే సినిమాలు దొంగిలించేటోళ్ల పని, దానితోని తన లైన్ మీద లోడ్ వడుతున్నది, జల్ది తీసెయ్యమన్నడు. లినక్స్ చేసినోళ్లే పంచుకొమ్మన్నరని సుసన్నా సైట్ తెరిచి చూపెట్టింది. ఆయన అటు చూడనే లేదు. ఇమ్మాన్యుయేల్ డ్యూటీ దిగినంక పంపు, ఆయనతోని మాట్లాడుతనన్నడు.

"సెంటర్ నాది. మాటేదన్న ఉంటే నాతోని మాట్లాడన్నా" అన్నది సుసన్నా.

పొద్దుగూకేసరికి లింగమూర్తి ఆమె లైన్ కోసేసిండు. వచ్చిన పిల్లలు వచ్చినట్టే వాపస్ పోయిన్రు. ఇమ్మాన్యుయేల్ షిఫ్టు నుంచి వచ్చి సంగతంత విని, ఒక్క మాట తగ్గి అడిగితే ఇస్తడు గద, ఎందుకీ లొల్లి అన్నడు.

"చెయ్యని దొంగతనం చేసిన్నని ఒప్పుకొమ్మంటవా?"

ఇమ్మాన్యుయేల్ టిఫిన్ డబ్బా పక్కన పెట్టి కాళ్లు కడుక్కోను పోయిండు.

గల్లీకి అవతల రఘుపతి సెంటర్ ఉన్నది. ఆయన కంప్యూటర్లల్ల కూడ అదే పాత లినక్స్ ఉన్నది. తెల్లారి సుసన్నా ఆయన దగ్గరికి పోయి ఒక ఉపాయం చెప్పింది. రెండు సెంటర్ల నడుమ ఒక వైరు గుంజితే తన దగ్గరున్న సగం ఆయనకు వస్తది. మిగిలిన సగం ఆయన లైన్‌ల దిగుకుంట దిగుకుంట తనకు వస్తది. రఘుపతి జంకిండు. తన లైన్ కూడ కోస్తే ఏం గావాలె? అట్లయితే గల్లీలున్న సెంటర్లన్ని ఒక్కటై లింగమూర్తి కనెక్షన్ వాపస్ ఇద్దం, గట్ల ఎన్ని కోస్తడో చూద్దం అన్నది సుసన్నా. ఆఖరికి ఆయన సరే అన్నడు. నిచ్చెన తెచ్చి వైరు కట్టింది మాత్రం ఇమ్మాన్యుయేలే.

లింగమూర్తి ఆ వైరు చూసి, తీసెయ్యమని గల్లీల నిలవడి గట్టిగ మాట్లాడిండు. చాయ్ హోటల్ల ఉన్నోళ్లు కూడ బయటికొచ్చిన్రు. సుసన్నా మెట్లు దిగి ఆయన ముందట నిలవడ్డది.

"నీ లైన్ నువ్వు కోసుకున్నవ్, నేనేమన్న అన్ననా? ఇది నేను కొన్న వైరు. దీన్ని ముట్టకన్నా."

అయితే రఘుపతి లైన్ కోస్తనన్నడు. అప్పటిదాక తలుపు సాటుకు ఉన్న రఘుపతి వచ్చి సుసన్నా పక్కన నిలవడి, కోస్తే గల్లీల సెంటర్లన్ని నీ కనెక్షన్ వాపస్ ఇస్తయి, కోసుకోమన్నడు. లింగమూర్తి ఇద్దరి మొఖాలు చూసి బండెక్కి పోయిండు. కోయలే.

తెల్లారి ఫైలు పూర్తయింది. రెండు సెంటర్లల్ల కంప్యూటర్లన్ని కొత్త వర్షన్‌కు మారినయి. పని అయిపోయింది గద, ఇగ టోరెంట్ బంద్ చేద్దమా అని రఘుపతి అడిగిండు. మనకు ముక్కలిచ్చినోళ్లు గట్లనే అనుకుంటే మనదాక వచ్చేదా అన్నది సుసన్నా. రఘుపతి లైన్ మీద ఆ ఫైలు నలుగురికి పోతనే ఉన్నది. శ్రీరాంపూర్, రామకృష్ణాపూర్ సెంటర్లోళ్లు కూడ వచ్చి కాపీ చేసుకపోయిన్రు.

సుసన్నా టెలిఫోన్ ఆఫీసుల వేరే నెట్ లైన్‌కు అర్జీ పెట్టుకున్నది. అది వచ్చేదాక గిరాకీ సగానికి పడ్డది, వచ్చినంక కూడ దాని స్పీడు తక్కువనే. నడుమల లింగమూర్తి లైన్ మళ్ల ఇస్తనని రెండుమూడు సార్లు కబురంపిండు. వద్దన్నది. తెలంగాణ వచ్చేనాటికి అందరి చేతులల్లకు ఫోన్లొచ్చి, ఆమె సెంటర్ల జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లే మిగిలినయి. లింగమూర్తి ఎదురువడితె మంచిగనే పలకరిస్తది, ఇంట్లోళ్లను అడుగుతది. ఆయన కనెక్షన్ మాత్రం మళ్ల తీసుకోలే.