రెండో ఫింజాన్

దయ్యాలూ గాలులూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. రాయచోటి దగ్గర మా నాన్న కౌలుకు చేసిన మడి శ్మశానం పక్కనే ఉండేది. సమాధుల మీద కూర్చుని సంగటి తిన్నదాన్ని. ఎవరైనా అలాంటి కథలు మొదలుపెడితే ఇప్పటికీ సగంలోనే లేచిపోతాను. కానీ దోహాలో ఒక సాయంత్రం నా కళ్ళతో చూసినదాన్ని మాత్రం కాదనలేకపోతున్నాను.

తొంభైల మధ్యలో మా వైపు ఆడవాళ్ళందరూ కువైట్ పోతుంటే నాకు ఖతర్ వీసా దొరికింది. దోహాలోనే అల్ హిలాల్ అనే పేటలో ఒక విల్లా. మేడమ్ అత్తగారిని చూసుకోవడం నా డ్యూటీ. ఆ పెద్దావిడను ఇంట్లో అందరూ యుమ్మా అనేవాళ్ళు, అంటే అమ్మ. మోకాళ్ళు పనిచేయవు గానీ మతి చాలా చురుకు. వంట చేసే జహీరా అక్కది జగిత్యాల.

రోజూ పొద్దు వాలే ముందు, నమాజు అయ్యాక, యుమ్మా తన గదిలో తివాచీ మీద కూర్చునేది. నేను కాఫీ కూజా, ఖర్జూరాలు, రెండు ఫింజాన్లు పళ్ళెంలో పెట్టి ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి రావాలి. ఫింజాన్ అంటే పిడి లేని చిన్న కప్పు. తిరిగి తెచ్చేటప్పుడు రెండూ ఖాళీగా ఉండేవి. రెండూ ఆవిడే తాగుతుందనుకుని నేను పట్టించుకోలేదు.

ఒకరోజు మేడమ్ సింకులో ఆ రెండింటినీ చూసింది.

"కౌన్ ఆతా హై? సచ్ బోల్," అంది, ఎవరొస్తున్నారో నిజం చెప్పమని.

ఎవరూ రావడం లేదని చెప్పాను. నమ్మలేదు. నేను ఎవడో మగవాణ్ణి ఇంట్లోకి రానిస్తున్నానని ఆమె అనుమానం. ఇంకొకసారి ఇలా కనిపిస్తే ఊరికి పంపేస్తానంది. మా ఆయన నడుము దెబ్బ తగిలి మంచంలో ఉన్నాడు. నేను తిరిగిపోతే ఇల్లు గడవదు. అంతకంటే, ఆ మాట ఊళ్ళో పాకితే తల ఎత్తుకోలేను.

నా అనుమానం జహీరా అక్క మీదికి పోయింది.

"అక్కా, నిజం జెప్పు. ఆ రెండో కప్పు తాగేది నువ్వేనా?"

"నాకెందుకే ఆ చేదు కాఫీ? నేను చాయ్ తప్ప ముట్ట. ఎవ్వలొస్తున్నరో నువ్వే సూడరాదు?"

మర్నాడు తలుపు సందులోంచి చూశాను. గదిలో ఎండ బాగా పడుతోంది. కిటికీ మూసి ఉంది. మోకాళ్ళ నొప్పులకు ఏసీ కూడా ఆపించేది. యుమ్మాకు ఎదురుగా దిండు తప్ప ఏమీ లేదు. ఆవిడ ఆ దిండు వైపు చూసి నెమ్మదిగా మాట్లాడుతూ ఫింజాన్ నింపి పళ్ళెంలో అటువైపు పెట్టింది. తన కాఫీ తను తాగింది. రెండోదాన్ని ముట్టుకోలేదు.

కొంతసేపటికి దాంట్లో మళ్ళీ పోయడానికి కూజా వంచింది. అప్పుడు ఆ ఫింజాన్ అటూ ఇటూ ఊగింది. పడలేదు, దొర్లలేదు. ఎవరో వేళ్ళతో పట్టుకుని ఆడించినట్టే ఊగి ఆగింది. యుమ్మా నవ్వి కూజా వెనక్కి తీసుకుంది.

పళ్ళెం తీయడానికి లోపలికి వెళితే ఆ ఫింజాన్ అడుగున తడి తప్ప ఏమీ లేదు.

వంటింట్లోకి పోయి చూసింది చెబుతుంటే జహీరా అక్క గరిటె కింద పెట్టింది. ఖాళీ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ ఆడించి, "గిట్లనా?" అంది.

"అవును, అట్లే."

"ఇది నీకెవ్వల్ జెప్పిండ్రే? ఈ అరబ్బులు కాఫీ సాలు అనేటందుకు గిట్లనే ఊపుతరు. ఊపకుంటె పోస్తనే ఉంటరు."

నాకు ఎవరూ చెప్పలేదు. అతిథులు కూర్చునే గదిలోకి నేనెప్పుడూ వెళ్ళలేదు.

పని పోతే పోయిందని మేడమ్‌తోనూ చెప్పేశాను. ఆమె కసరలేదు. యుమ్మా ఏ దిండు వైపు తిరిగి మాట్లాడిందని మాత్రం అడిగింది. గోడ వైపు, పచ్చ దిండు అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. "ఖలాస్," ఇక చాలు, అని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి రెండో ఫింజాన్ తనే కడిగేది. నన్ను ముట్టనివ్వలేదు. ఆ దిండు దగ్గర ఒకప్పుడు ఎవరు కూర్చునేవారో ఆమెకు తెలుసు. నేను ఊరికి వచ్చేసేదాకా ఆ పేరు మాత్రం చెప్పలేదు.

నీ కళ్ళు భ్రమపడ్డాయి అంటాడు మా ఆయన. కావచ్చు. కానీ నాకు తెలియని దేశపు మర్యాదను నా కళ్ళు ఎట్లా కల్పిస్తాయి?