వరస చీటీ

పంటి డాక్టర్ల దగ్గర టోకెన్ల పద్ధతి మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. మొన్న తిరుపతిలో దవడ పన్ను చూపించుకుందామని వెళితే పదకొండో నంబరు చేతికిచ్చి కూర్చోబెట్టారు. తొమ్మిది లోపలికి వెళ్ళింది, దాని వెనక పద్నాలుగు వెళ్ళింది, ఆ తరువాత అసలు చేతిలో నంబరే లేని మనిషొకరు వెళ్ళారు, నేనూ గోడ మీది పళ్ళ బొమ్మా ఒకరినొకరం చూసుకుంటూ గంటన్నర గడిపాము. ఇదేమిటమ్మా అని కౌంటరులోని అమ్మాయిని అడిగితే, తెర మీద అట్లే వస్తా ఉంది సార్, నేనేం చేసేది, అంది. వెళ్ళి మళ్ళీ పళ్ళ బొమ్మకు ఎదురుగా కూర్చున్నాను. మీతో దాచడం దేనికి, ఆ మాట మీద ఒకప్పుడు నేను ఉద్యోగం చేశాను.

కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళిన రోజులు మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. నా మొదటి ఉద్యోగం చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, కంప్యూటరు ఆపరేటరుగా. ఇంటర్వ్యూకు వచ్చిన ముగ్గురిలో కంప్యూటరును కళ్ళారా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కావడం నా అర్హత. ముట్టుకున్నావా అని వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. మిషను వచ్చిన రోజు టెంకాయ కొట్టి, దాని నెత్తిన పసుపు చల్లి, ఫ్లాపీ పెట్టే సందు మీద కుంకుమ బొట్టు పెట్టారు. ఆ కుంకుమలో కొంత భక్తితో లోపలికి కూడా వెళ్ళింది. మిషనుకు ఏసీ, మేనేజరుకు ఫ్యాను. ఈ తేడాను ఆయన చివరిదాకా మనసులో పెట్టుకున్నాడు.

సీజను వచ్చిందంటే తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు దగ్గర మొదలై రోడ్డు వెంట కనుచూపు మేరకు నిలబడేవి. ఎవరి బండి ముందు దించుకోవాలన్న దాని మీద రోజూ కొట్లాటే, కాయేమో కొట్లాట తీరేదాకా ఆగేది కాదు. ఆ గొడవ తీర్చడానికే కంప్యూటరును తెప్పించారు. బండి నంబరు, ఊరు, వచ్చిన వేళ నేను కొట్టాలి, అది వరస వేసి చీటీలు అచ్చు వేయాలి. దీనికి చుట్టాలు లేరు, పార్టీలు లేవు అని మేనేజరు రైతులకు ఉపన్యాసం ఇచ్చాడు. మూడు రోజులు అది ఆ మాట నిలబెట్టింది. నాలుగో రోజు నుంచి, వోల్టేజీ వల్లనో కుంకుమ వల్లనో, వరస వేయమంటే తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి కాసేపు మిణుకుమిణుకుమని ఊరుకునేది. కొట్టిన అక్షరాలను మాత్రం తు.చ. తప్పకుండా అచ్చు వేసేది. అంటే టైపు మిషను చేసే పనే, చల్లగా.

మరి వరస ఎవరు వేశారంటారా. గేటు దగ్గర రాతపని చూసే ఆవిడ ఒకరు ఉండేవారు, అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. చెవిలో పెన్సిలు పెట్టుకుని, ఎండలో బండి బండికీ నడిచి, కాయను తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, వాసన చూసి, పుస్తకంలో రాసుకొచ్చేది. మెత్తబడుతున్న కాయ ముందుకు, తోడెవరూ లేక ఒక్కడే వచ్చిన ముసలాయన బండి ముందుకు, కాయ రాయిలా ఉంటే అది మేనేజరు బామ్మర్దిదైనా వెనక్కి. ఆ కాగితం కిటికీలోంచి నాకిచ్చేది, నేను కొట్టేవాణ్ణి. ఇది మోసం కదక్కా అని మొదటి రోజు గొణిగాను. “నేనేసినానంటే జుట్టు పట్టుకుంటారు, మిషినేసిందంటే దండం పెడతారు. నోరు మూసుకోని కొట్టబ్బా” అంది. ఎవరైనా గొడవకొస్తే నేను కిటికీలోంచి తల బయటపెట్టి, కంప్యూటరు అట్లే వేసిందప్పా అనేవాణ్ణి. నిజంగానే దండం పెట్టి వెళ్ళేవాళ్ళు.

నోరు మూసుకోవడం నాకు బాగా అచ్చివచ్చింది. ఏ గొడవా లేకుండా సీజను దాటించిన ఆపరేటరునని తిరుపతి ఆఫీసుకు ప్రమోషను మీద పంపారు. అక్క గేటు దగ్గరే ఉండి గేటు దగ్గరే రిటైరయింది. మిషనును తుక్కు కింద తీసేస్తూ ఉంటే నేనే అడిగి తెచ్చుకుని అటక మీద పెట్టుకున్నాను. పెళ్ళి భోజనాల్లో ఈ కథ చెప్పని సందర్భం లేదు. మొదట్లో కథలో అక్క ఉండేది. చెప్పగా చెప్పగా ఆవిడ గేటు దాకా వెళ్ళింది, తరువాత గేటు కూడా దాటిపోయింది. మిగిలింది నేను, నా కంప్యూటరు, కృతజ్ఞతతో నిండిన రైతాంగం.

ఈ కథను చిన్నప్పటి నుంచి నోరు తెరుచుకుని విన్నవాడు మా మేనల్లుడు. వాడిప్పుడు పెద్దవాడై, తిరుపతిలో పాఠాలు చెబుతూ, చచ్చిపోయిన కంప్యూటర్లను పోగుచేస్తూ ఉంటాడు. చుట్టుపక్కల జిల్లాల్లో ఇదే జబ్బు ఉన్నవాళ్ళందరినీ ఒకచోట చేర్చాలని సంకల్పించి, నేను మధ్యాహ్నం నిద్రలో ఉండగా నన్ను కన్వీనరును చేసి, వాట్సాప్ గ్రూపులో ప్రకటించాడు. గ్రూపులోంచి బయటికొస్తే మళ్ళీ చేర్చాడు. మూడోసారికి మానుకున్నాను. కరపత్రంలో నా ఫొటో, కింద “రైతులకు న్యాయం చేసిన తొలి కంప్యూటరు, ఆయన చేతుల మీదుగా మళ్ళీ నడుస్తుంది” అని. అది నడవదురా అంటే, మూడు చచ్చిన మిషన్ల భాగాలు తెచ్చి నడిపించాడు. ఆ రోజుల వాళ్ళెవరైనా ఉంటే బాగుండును మామా అంటే, ఎక్కడున్నారో ఎవరికి తెలుసు అన్నాను. రెండు రోజుల్లో ఫ్యాక్టరీలో ఆరా తీసి, చిత్తూరులో అక్క ఇల్లు పట్టుకుని ముఖ్య అతిథిగా పిలిచి వచ్చాడు. ఇంక నాకు మిగిలిన ఆశ కరెంటు పోవడం ఒక్కటే.

కరెంటు పోలేదు. తిరుచానూరు దారిలో ముహూర్తం లేని ఆదివారం చూసి ఒక కల్యాణ మండపం తీసుకున్నాడు. వేదిక మీది ఎర్ర మఖమలు కుర్చీలు కదిలించకూడదట, అందుకని పెళ్ళికొడుకు కుర్చీలో నన్ను, పెళ్ళికూతురు కుర్చీలో అక్కను కూర్చోబెట్టాడు. ముందు వరసలో మా ఆవిడ. జీవితంలో ఇంత బిగుసుకుని నేను నా పెళ్ళిలో కూడా కూర్చోలేదు. అక్క బాగా సన్నబడింది, చెవిలో పెన్సిలు లేదు, చూపు మాత్రం అదే, తొడిమ దగ్గర నొక్కి చూసే చూపు.

వచ్చినవాళ్ళ ఊర్లు, వచ్చిన వేళలు మేనల్లుడు ఆ మిషనులో కొట్టాడు. అది ఫ్యాక్టరీలో ఎగ్గొట్టిన పనంతా ఒక్క క్షణంలో చేసి, వరస వేసి, కరకరమంటూ చీటీలు అచ్చు వేసింది. హాలంతా చప్పట్లు. ఆ చీటీల వరసనే భోజనాలని ప్రకటించి, మైకు అక్క ముందు పెట్టి, ఆ రోజుల్లో మీరేం చేసేవారమ్మా అని అడిగాడు. “గేటు కాడ రాస్తా ఉంటి నాయనా” అని, నా వైపు చూసి, మైకు నా చేతికిచ్చింది. చెప్పవలసినది చెప్పడానికి ఇంతకంటే అనువైన సమయం నా జీవితంలో రాలేదు, ఇక రాదు కూడా. గొంతు సవరించుకున్నాను. పెళ్ళి భోజనాల కథే, ముక్క తగ్గకుండా చెప్పాను. అక్క కూడా చప్పట్లు కొట్టింది.

భోజనాల దగ్గర గూడూరు నుంచి ఆఖరున వచ్చిన పెద్దాయనకు ఆఖరి చీటీ వచ్చింది. షుగరు మనిషి, చేతులు వణుకుతున్నాయి. కంప్యూటరు అట్లే వేసింది సార్, కొంచెం ఆగండి అంటున్నాడు మేనల్లుడు. అక్క లేచింది, ఆయన ముఖం చూసింది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొదటి ఆకు ముందు కూర్చోబెట్టింది. వడ్డన ఆయన ఆకుతోనే మొదలైంది.

ఇప్పుడు అన్నిటికీ చీటీ ఉంది. ఫోనులోనే వస్తుంది, వరస వేయనని మొరాయించదు, దండం పెట్టించుకోదు. కాయను నొక్కి చూసే బొటనవేలు మాత్రం ఏ కౌంటరు వెనకా కనిపించదు. అయినా ఆ పంటి డాక్టరు దగ్గర నాకంటే ముందు వెళ్ళినవాళ్ళలో బుగ్గ వాచినవాళ్ళెవరైనా ఉన్నారేమో, నేను నంబర్లే చూశాను కాని ముఖాలు చూడలేదు.

ఆ ఆదివారం సాయంత్రం అక్కను చిత్తూరు బస్సు ఎక్కించడానికి వెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుంది, నేను కింద నిలబడ్డాను. ఫ్యాక్టరీలో ఎప్పుడూ లోపల ఉన్నది నేను, బయట ఉన్నది ఆవిడ. కొంగుముడిలోంచి తన భోజనం చీటీ తీసి, మడత విప్పి, కిటికీలోంచి నా చేతికిచ్చింది. బస్సు స్టార్టయింది.

“అంతమంది కూసోనుంటే చెప్పకపోతివి. ఇంగ యాడ చెప్తావబ్బా?”