మొక్కు తీర్చని నాయనమ్మ

ఆ పొద్దున పొయ్యి మీద నీళ్ల గిన్నె లేదు. అది చూశాకే నాయనమ్మ మంచం దగ్గరికి వెళ్లాను. నిద్రలోనే పోయింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు హైదరాబాదులో ఎముక మజ్జ మార్పిడి చేశారు. ములకలపల్లికి పంపేముందు డాక్టరు చెప్పిందంతా నాయనమ్మ శ్రద్ధగా విన్నది. నా ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి ఇంకా రాలేదు. నీళ్లలో, మట్టిలో ఉండే కంటికి కనిపించని పురుగులు ఇతర పిల్లలకు నాలుగు విరేచనాలతో పోవచ్చు, నాకైతే ప్రాణం మీదికి తేవచ్చు. కాచిన నీళ్లే తాగాలి. ఉత్త కాళ్లతో మట్టిలో నడవొద్దు. నదిలో మునగొద్దు.

చిక్కల్లా అక్కడే. నేను బతికొస్తే భద్రాచలంలో గుండు చేయించి గోదావరిలో ముంచుతానని మొక్కింది ఆమే.

"దేవునికిచ్చిన మాట తప్పుతవానే అమ్మా? పిల్లకే సుట్టుకుంటది" అంది మేనత్త.

"మొక్కింది నేను. సుట్టుకుంటే నాకు సుట్టుకోని. ఎంటికలంటవా, మందులకే ఊడిపాయె, గవే తీసుకొమ్మను. మునుగుడుకు జల్దేంది? గోదారి ఏడికి పోతది?"

వానలు పడగానే నాకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇంట్లో అందరూ ఆమెనే చూశారు. ఆమె నన్ను బస్సెక్కించి కొత్తగూడెం తీసుకెళ్లింది. పెండ్లింట్లో నేను తాగిన చెరుకు రసంలోని ఐసు నీళ్లదే తప్పు కావచ్చని, కడుపులో పురుగు చేరిందని అక్కడి డాక్టరు మందులిచ్చాడు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మేనత్తను పిలిచింది.

"ఇన్నవా? పురుగట. రామయ్య కాదట."

కాన్వెంటులో చేరాక, మరియమ్మ బొమ్మ ముందు మట్టిలో చెప్పులు విప్పమన్నారు. "ఆమె గూడ పిల్లను సాకినామెనే గదా సిస్టరమ్మా, ఏమనుకోదు" అంది నాయనమ్మ. సిస్టరు నవ్వేసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పులు మాత్రం విప్పలేదు.

తర్వాత డాక్టరు నదికి సరేనన్నా నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఇంకో ఏడు ఆగమను" అనేది ప్రతిసారీ.

నాయనమ్మ దినాల్లో మేనత్త గొణిగింది: "ఆ మొక్కే తీస్కపోయింది."

నలుగురిలో నోరు విప్పని నేను గట్టిగానే అన్నాను: "లేదత్తా. ఎనభై దాటినయి, పోయింది. నేనున్న."

హైదరాబాదు దవాఖానాలో నా పక్క మంచం, నాలాగే మజ్జ మార్పిడి అయిన పినపాక పిల్లది. ఇంటికెళ్లిన నెలలోనే వాళ్లవాళ్లు గోదావరిలో ముంచి మొక్కు తీర్చుకున్నారు. ఆ పిల్ల వానకాలం దాటలేదు. పలకరించడానికి నాయనమ్మ వెళ్లొచ్చింది. ఆ పిల్ల తల్లి చెవిన పడితే తట్టుకోలేదని, మేనత్తతో ఎంత వాదులాటలోనూ ఆ మాట ఎత్తలేదు.