నా పాత నంబరు ఎత్తిన అక్క

నర్సింగ్ పూర్తిచేసి మదనపల్లెలో ఉంటున్న రోజులవి. మర్నాడే ఉద్యోగానికి పరీక్ష. హాల్ టికెట్ మెయిల్లో ఉంది. కొత్త ఫోన్లో మెయిల్ తెరవబోతే, ఓటీపీ నా పాత నంబరుకు పంపామని వచ్చింది. రీఛార్జ్ చేయక ఆ నంబరు ఎప్పుడో పోగొట్టుకున్నాను.

ఏమైతే అదవుతుందని ఆ నంబరుకే ఫోన్ చేశాను. ఎవరో ఆవిడ ఎత్తింది. చౌడేపల్లె దగ్గర పాడి ఆవులు మేపుకుంటుందట. సంగతంతా చెప్పి ఓటీపీ అడిగాను.

“అది ఎవురికీ చెప్పొద్దంటారు కదమ్మా. నిజంగా నీదే అయితే ఈడికే రా, మొకం సూసి చెప్తా,” అని, ఇంటి గుర్తులు చెప్పి పెట్టేసింది.

ఒళ్లు మండింది. అయినా బస్సెక్కాను.

పాలు పితుకుతున్న ఆవిడ లేచి చేతులు తుడుచుకుంది. నా ఫోన్లో, మెయిల్ ఓటీపీ అడిగే పేజీలో నా పేరు పక్కనున్న ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూసింది. “నువ్వేలే. శానా సిక్కిపోయినావు,” అంటూ కొత్తగా వచ్చిన అంకెలు చదివింది. మెయిల్ తెరుచుకుంది.

“ముందు ఆడ నా నంబరు తీసేసి నీది పెట్టుకో. కాఫీ తర్వాత తాగుదువు,” అంది.

తీసేశాను. నా ఫోన్లో మాత్రం ‘చౌడేపల్లె అక్క’ అని దాచుకున్నాను. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాను. ఆ రోజు ఆమె అంకెలు ఫోన్లోనే చెప్పేసి ఉంటే, ఉద్యోగం వచ్చేదే గానీ అక్క దొరికేది కాదు.