పస్కెద్దా అత్త పేరు

పస్కెద్దా అత్త నాకు చుట్టమేమీ కాదు. గోడకి అటు ఆవిడ ఇల్లు, ఇటు మాది. సార్డీనియా కొండల్లో మా ఊళ్ళో రొట్టె ఆడవాళ్ళ పని, చీజ్ మగవాళ్ళ పని. గొర్రెలదొడ్డిలో చీజ్ చేసే చోట ఆడది అడుగుపెడితే పాలు విరిగిపోతాయనేవారు. విరగడానికే కదా కాచేది అని ఒక్కరూ అడగలేదు.

పెళ్ళయిన రెండో ఏడు ఆవిడ భర్త బోబోరె కంచరగాడిద మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎముక వంకరగా అతుక్కుంది. అప్పట్నుంచీ చీజ్ చేసింది అత్తే. సంతలో పొగడ్తలు మాత్రం బోబోరెకి. ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. నేనూ ఎత్తలేదు, అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

1958లో సముద్రం అవతల ఇటలీ గడ్డ మీంచి గెజ్జి అనే ప్రొఫెసరు వచ్చాడు. ఏ ఊళ్ళో ఏ వస్తువుని ఏమంటారో పటాల మీద గుర్తులు పెట్టి పుస్తకం వేస్తాడట. ఊరికొక మనిషి చాలట, అదీ ఊరు దాటని కాపరి అయితే మేలట. అందరూ బోబోరెని చూపించారు.

బోబోరె కొత్త టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. వెనక అత్త, నేను రొట్టెలకి పిండి పిసుకుతున్నాం. ప్రొఫెసరు బల్ల మీది చీజ్ చూపించి, "దీన్నేమంటారు?" అన్నాడు.

"కాసు," అన్నాడు బోబోరె దర్జాగా.

"పాలు విరిగాక మిగిలే నీళ్ళని?"

బోబోరె తల గోక్కున్నాడు. అత్త తలెత్తకుండానే మెల్లిగా అందించింది. ఆయన దాన్నే ప్రొఫెసరుకి అప్పజెప్పాడు. మూడు రోజులూ ఇదే తంతు.

మూడో రోజు ప్రొఫెసరు హుషారుగా ఉన్నాడు. "మీ కాసు, స్పెయిన్‌వాళ్ళ కేసో, రెండూ ఒకే పాత లాటిన్ మాట బిడ్డలు. రుమేనియాలోనూ ఆ మాట ఉంది గానీ, అక్కడ కాష్ అంటే అప్పుడే చేసిన పచ్చి చీజ్ ఒక్కటే. మిగతావాటికి వాళ్ళకి వేరే మాటుంది, అదెక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ తెలీదు. మా ఇటాలియన్‌లో ఫొర్మాజ్జో, ఫ్రెంచిలో ఫ్రొమాజ్ మాత్రం అచ్చు అనే అర్థమున్న మాట నుంచి పుట్టాయి. చీజ్‌ని అచ్చుగిన్నెలో పోస్తాం కదా, అందుకని."

అత్త అప్పుడు తలెత్తింది. "అంటే మేం లోపలున్నదానికి పేరు పెట్టుకున్నాం, మీరు గిన్నెకి పెట్టుకున్నారు. చేసిన చేతికి మాత్రం ఎవ్వరూ పెట్టలేదన్నమాట!"

ప్రొఫెసరు పగలబడి నవ్వాడు. "ఈ మాట పుస్తకంలో వేస్తానమ్మా!"

"నా పేరుతోనేనా?"

"ఎందుకు వెయ్యను?"

అత్త జన్మలో ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ పుస్తకం కోసం మాత్రం నాలుగేళ్ళు ఎదురుచూసింది.

పుస్తకం వచ్చింది. అత్తకి చదువు రాదు, నేనే చదివాను. ఆవిడ అన్న మాట అక్షరం పొల్లుపోకుండా ఉంది. కింద 'బోబోరె, కాపరి' అనుంది. పస్కెద్దా అన్న పేరు ఏ పేజీలోనూ లేదు. బోబోరె అప్పటికే ఊరంతా చూపించుకొస్తున్నాడు.

"ఆ మాట నీది కాదని ఒక్కడికైనా చెప్పావా?" అంది అత్త.

"ఆయనలా రాసుకుంటే నన్నేం చెయ్యమంటావే? నలుగురు మగాళ్ళ ముందు పరువు తీసుకోమంటావా?"

ఆ తర్వాత పదిహేడేళ్ళు ఆయనకి వండి పెట్టింది, చీజ్ చేసి పెట్టింది, ఆఖరికి పాడె ఎక్కించి సాగనంపింది. క్షమించడం మాత్రం జరగలేదు.

1986లో ఆ పుస్తకాన్ని కొత్తగా వెయ్యడానికి పాత ఊళ్ళన్నీ మళ్ళీ తిరుగుతూ, సముద్రం అవతలినుంచే ఒక అమ్మాయి వచ్చింది. మంచిపిల్లే పాపం. "మీ ఆయన చాలా తెలివైనవారట కదా మామ్మగారూ! ఆ గిన్నె మాట మా క్లాసులో ఇప్పటికీ చెప్పుకుంటాం," అంది.

అత్త మొహం నల్లబడింది.

ఆ అమ్మాయి గమనించలేదు. చీజ్ చూపించి, "దీన్నేమంటారు?" అంది.

"ఫొర్మాజ్జో."

"అది మా ఇటాలియన్ మాట కదండీ. మీ ఊరి మాట చెప్పండి."

"నేనిదే అంటాను. రాసుకో. పక్కన నా పేరు రాయి, నేను చూస్తుండగా రాయి."

"అత్తా, అదేంటి..." అన్నాను నేను.

"నువ్వు నోర్ముయ్యి. ఇన్నేళ్ళూ మూసుకునే ఉన్నావుగా."

కొత్త పుస్తకంలో మా ఊరి దగ్గర గుర్తు మారింది. ఇక్కడ కాసు అన్న పాత మాట పోయిందని రాశారు. పక్కన పేరు మాత్రం పూర్తిగా, తప్పు లేకుండా పడింది: పస్కెద్దా మురెద్దు. తీసుకెళ్ళి చూపించాను. మూడుసార్లు చదివించుకుని, పేరు మీద వేలు పెట్టింది.

"పక్కనేముంది?"

"ఫొర్మాజ్జో అనుంది."

ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు. కళ్ళు తుడుచుకుని అంది: "నా మాటకి ఆయన పేరు పెట్టారు. నా పేరుకి వాళ్ళ మాట నేనే పెట్టుకున్నాను."