వెనక సీట్లో మెకానిక్

మా ఆయన బైకుల మెకానిక్. భార్యాభర్తలెవరైనా షెడ్డుకొచ్చి "నడుం పట్టేస్తోంది" అంటే ముందు బండి వంక చూడడు, వాళ్ల మోకాళ్ల వంక చూస్తాడు. నడిపేవాడి మోకాలు మరీ ముడుచుకున్నా, వెనక కూర్చున్నామె కాళ్లు వేలాడినా తప్పు సీటుది కాదు, ఫుట్‌రెస్టుదంటాడు. దాన్ని వేలెడు ముందుకో కిందికో జరిపి పంపిస్తే నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు. నాకు మాత్రం ఆయన వెనక కూర్చోవడమే తప్ప ఆ గొడవలేవీ పట్టేవి కావు.

పోయిన ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, చేతులు దక్కాయి, కుడికాలు మాత్రం సగమే దారికొచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తాడు గానీ బ్రేకు తొక్కలేడు. షెడ్డు మూతపడింది. మనిషి పొద్దస్తమానం కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని రోడ్డు వంక చూసేవాడు. ఇలాగే ఇంకొన్నాళ్లు కూర్చుంటే ఇక లేవడని భయం పట్టుకుంది.

"ఆటోలో వెళ్దాం పదండి, షెడ్డు తెరుద్దాం" అన్నాను.

"బళ్లు బాగుచేసేవాడు ఆటోలో దిగితే ఇంకెవడొస్తాడే?"

"అయితే బండి నేను నడుపుతాను. మీరు వెనక కూర్చోండి."

పెళ్లైన కొత్తలో నాకు బండి నేర్పింది ఆయనే, కాదనలేకపోయాడు. కానీ అక్కణ్ణుంచి మొదలైంది నస. వెనక ఫుట్‌రెస్టు ఎత్తుగా ఉందన్నాడు. స్పానరు పట్టుకుని దించాను. మరీ కిందికైందన్నాడు. ఎక్కించాను. రబ్బరు నున్నగా ఉందన్నాడు. మార్చాను. రోజూ ఇదే తంతు, బండి గుమ్మం దాటితే ఒట్టు. నాకసలే ముక్కు మీద కోపం.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస! పెళ్లాం వెనక కూర్చోవడం నామోషీ అయితే ఆ ముక్క చెప్పి చావండి!" అని అరిచాను. ఆయన మెల్లగా వచ్చి వెనక ఎక్కి కూర్చున్నాడు.

మార్కెట్ దాటామో లేదో, రబ్బరు కాలిన వాసన. బండి ఆపి దిగి చూద్దును కదా, ఆయన కుడిపాదం ఫుట్‌రెస్టు మీద లేదు, జారి సైలెన్సర్ మీద ఉంది. చెప్పు అడుగు కరిగి దానికి అంటుకుపోయింది. ఈయనేమో తాపీగా ఎదుటి గోడ చూస్తున్నాడు.

"అయ్యో, కాలుతోంది కదండీ!"

"ఏది?" అన్నాడు.

నా కోపమంతా అక్కడికక్కడే చచ్చిపోయింది. కాలికి బలం తగ్గిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

"ఆ కాలు ఎక్కడుందో నాకు తెలీదే" అన్నాడు తల దించుకుని. "కళ్లతో చూస్తే తప్ప తెలీదు. ఎక్కడ పెడితే తెలుస్తుందోనని అటూ ఇటూ జరిపించి చూస్తున్నా. ఎక్కడా తెలీడం లేదు."

నడిరోడ్డు మీద భోరుమన్నాను. అన్ని మాటలన్నందుకు నా నోరు పడిపోనూ అనుకున్నాను. ఆ ఏడుపులోనే తట్టింది.

"మీకు తెలీకపోతే పోయె. నాకు తెలిస్తే చాలదా?"

మర్నాడు వెల్డింగ్ అతన్ని పిలిచి, వెనక ఫుట్‌రెస్టుకు ఇనప పట్టీ వేయించి ముందుకు తెచ్చాం, ఆయన బొటనవేలు నా మడమకు ఆనేదాకా. ఆయన చెబుతుంటే బోల్టులు నేనే బిగించాను.

"ఇలా నేనెవరికీ చెయ్యలేదే. నడిపేవాళ్లకి ఇబ్బంది" అని గొణిగాడు. ఇబ్బందే, కాదనను.

ఆ సాయంత్రమే బయల్దేరాం. గతుకు వచ్చినప్పుడల్లా వెనకనుంచి "ఉందా?" అంటాడు. "ఉంది" అంటాను. "ఇప్పుడో?" "ఉందండీ బాబూ, ఎక్కడికి పోతుంది!" ఒకచోట ఆయన వేలు నా మడమకు తగల్లేదు. బండి పక్కకు ఆపి, దిగి, ఆ పాదాన్ని రెండు చేతులా ఎత్తి దాని చోట పెట్టి మళ్లీ ఎక్కాను. ఎవరో చూసి నవ్వారు. నవ్వితే నవ్వనీ.

షెడ్డు వీధిలోకి తిరిగాక ఆయన అడగడం మానేశాడు. నేను మాత్రం "ఉంది, ఉంది" అని చెబుతూనే ఉన్నాను.