అత్త చెయ్యి పడని బస్తా

అప్పటికే పొట్లం విప్పేశాను, ఒక పసుపు కొమ్ము తీసి చెవి దగ్గర పెట్టుకుని విరవబోతున్నాను, దుకాణం అతనేమో అందులో పాటలేమైనా వస్తున్నాయా అని హిందీలో నవ్వుతున్నాడు. కొమ్ము విరగలేదు, వంగింది. గోరుతో గీరితే పచ్చి వాసన కొట్టింది. ఆ వాసనకు ఒళ్ళు మండిపోయింది నాకు. అతని మీద కాదు, ఇరవై ఏళ్ళ కిందటి మా ఇంటి మీద.

భివండి నార్పోలిలో మా సాంచాల కార్ఖానా వెనక రెండు ఖోలీలు, చిన్న గదులు, ఉండేవి, ఒకటి మాకు, ఒకటి పసుపుకు. తాత జగిత్యాల దిక్కు నుంచి భివండి వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, పెట్టినా ఊర్లో పొలం వదల్లేదు. అక్కడి పసుపు, చుట్టుపక్కల రైతుల పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, డబ్బాలో తిప్పి మెరుగు పెట్టించి, ఏటా ఎండాకాలం లారీలో కాశేలి గోదాముకు, అక్కడి నుంచి మా ఖోలీకి తెప్పించేవాడు. లారీ వచ్చిన రోజు అమ్మ సర్వపిండి చేసేది. మాడిన నువ్వుల వాసన, పసుపు వాసన, సాంచాల నూనె వాసన మూడూ కలిసి గాలిలో తిరుగుతుంటే మేము పిల్లలం బస్తాల వెనక దాక్కుని ఆడీ ఆడీ, తల నుంచి కాళ్ళ దాకా పచ్చగా అయిపోయేవాళ్ళం. బడిలో మరాఠీ పిల్లలు నన్ను 'నవరీ, నవరీ' అని ఏడిపించేవాళ్ళు, పెళ్ళికూతురని. గైబీ నగర్ దాకా ఉన్న మన తెలుగోళ్ళందరికీ ఏడాది పసుపు మా ఖోలీ నుంచే వెళ్ళేది.

ఆ వ్యాపారానికి వారసురాలు మా రాజవ్వ అత్త. తాత కూతురు. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయి పుట్టింటికొచ్చింది. తాతకు కొడుకులిద్దరున్నా గోదాము తాళాలు అత్తకే ఇచ్చి పోయాడు, ఎందుకంటే కొమ్ము విరిచి చప్పుడు విని అది ఎంత ఉడికిందో, ఎన్నాళ్ళు ఎండిందో చెప్పగలిగింది ఆమె ఒక్కతే. మా నాన్నకు, చిన్నాయనకు మగ్గాలు తప్ప ఏమీ తెలియదు. ఊరికి పోయి రైతులతో మాట్లాడేది అత్తే, లారీ ఎక్కించేది అత్తే, పచ్చి సరుకు పంపితే తిట్టి వెనక్కి పంపేదీ అత్తే. ఎండలో కూర్చుని ఒక్కో కొమ్మూ చెవి దగ్గర విరిచేది, కళ్ళు మూసుకుని. ఎనిమిదేళ్ళు అట్లా నడిపింది.

కానీ పెళ్ళి పసుపు మాత్రం ఆమె ముట్టకూడదు. చూశారా, ఇదీ మా ఇంటి న్యాయం. బస్తాలన్నీ ఆమె ఏరినవే, అయినా పెళ్ళివాళ్ళ కోసం బస్తా విప్పే రోజు మాత్రం ముత్తైదువ చెయ్యే పడాలి. అత్త గడప బయట నిలబడాలి. ఏటా నిలబడేది, ఎండలో, కొంగు నెత్తి మీద వేసుకుని.

నాకు పదేళ్ళప్పుడు పక్క గల్లీలో మన ఊరివాళ్ళింట్లో పెళ్ళి. వాళ్ళ పసుపు తియ్యడానికి చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, ఖోలీలోకి వచ్చింది, కొత్త చీర కట్టుకుని. గిన్నె పట్టుకుని నేను వెనకే ఉన్నాను. అత్త బయట నుంచే చెప్పింది:

"మూలకున్న బస్తా ముట్టకు చెల్లె, అది పచ్చిది. వాపస్ పంపాలె."

చిన్నమ్మ తల కూడా తిప్పలేదు. "మంచి పనికాడ గామె మాట ఎందుకు?" అని నాతోనే అంది, మెల్లగా కూడా కాదు. మూల బస్తానే విప్పింది. పైన మెరుగు పెట్టి ఉంది కదా, అన్నిటికంటే బంగారంలా మెరుస్తోంది. అదే నింపి పంపించింది.

గురువారం పెళ్ళింట్లో ఐదుగురు ముత్తైదువలు రోకళ్ళకు మామిడాకులు కట్టి పసుపు కొట్టడానికి కూర్చుంటే, కొమ్ములు నలగలేదు. రోకలి కింద సాగిపోయాయి, కొన్నిటి నుంచి పురుగు రాలింది. పెళ్ళికూతురి తల్లి ఏడుస్తూ మా వాకిట్లోకి వచ్చింది. చిన్నమ్మ ఏమందో తెలుసా? రాజవ్వ చెయ్యి పడ్డదేమో అంది. అంతే, అందరూ నమ్మేశారు. నమ్మడం ఎంత తేలికో వాళ్ళకి!

"అత్త ముట్టలే. చిన్నమ్మనే తీసింది, నేను చూసిన," అన్నాను.

నాన్న నా చెయ్యి పట్టి గుంజాడు. అత్త ఒక్క మాటే అంది: "నువ్వు ఊకో బిడ్డా." నడుముకున్న తాళాల గుత్తి తీసి చిన్నాయన ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వద్దనలేదు. ఎనిమిదేళ్ళు ఆమె చెవి మీద బతికిన ఇల్లు అది.

చిన్నాయన మెరుపు చూసి కొన్నాడు, మూడు ఎండాకాలాల్లో పసుపు ఖోలీ ఖాళీ అయింది. ఇప్పుడు కాశేలి గోదాములో ఎవరివో అట్టపెట్టెలున్నాయి. ఊరి పొలం లేదు, లారీ లేదు, అత్త కూడా లేదు. పొట్లం పసుపు కొంటూ మా చిన్నమ్మ ఇప్పటికీ అంటుంది, ఆ రోజులే వేరని. నవ్వాలా, కొట్టాలా?

అత్త తాళాలు ఇచ్చేసిన మర్నాడు శుక్రవారం. సాంచాలకు సెలవు, గల్లీ అంతా చప్పుడు లేకుండా ఉంది. గడపకు పూయమని అమ్మ పసుపు గిన్నె నా చేతికిచ్చింది. నేను గడప దాటి పోయి, గోడకానుకుని కూర్చున్న అత్త ముందు కూలబడి, ఆమె పాదం పట్టుకున్నాను. వెనక్కి లాక్కోబోయింది. వెనక నుంచి అమ్మ కేక పెట్టింది. నేను వదల్లేదు. రెండు పాదాలకూ, చీలమండల దాకా, గిన్నె ఖాళీ అయ్యేదాకా పూశాను.